ఇరవై వస్తే చాలు

మా ఇంట్లో నేను తప్ప హిందీతో పనిపడినవాళ్ళు ఎవరూ లేరు. తర్లుపాడు పక్కన మా ఊరు. నాయన కంది, మిరప వేసేవాడు. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆయన మార్కాపురం దాటి పోయిందే తక్కువ. అమ్మకు సంతకం వరకు వచ్చు. అట్లాంటి ఇంట్లో ఆరో తరగతిలో ఉండగా నాకు హిందీ మీద ఇష్టం కలిగింది. ఆ ఇష్టాన్నే చదువు చేసుకున్నాను, చదువును ఉద్యోగం చేసుకున్నాను. ఉన్నత పాఠశాలల్లో హిందీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటిపోయింది.

నాకు ఆ ఇష్టం కలిగించిన సారు మార్కాపురం నుంచి బస్సులో వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. బెత్తం పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. కొన్ని వారాలు అక్షరాలు దిద్దించాక ఒకరోజు ఆయన, హిందీలో ప్రాణం లేని వస్తువులకు కూడా ఆడా మగా ఉంటుందని చెప్పారు. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వి, కిటికీ వైపు చెయ్యి చూపించి ఇది ఆడది అన్నారు, తలుపు వైపు చూపించి ఇది మగది అన్నారు. గోడ ఆడది, బావి మగది. బండి ఆడది. పొలం మగది, అందులో మట్టి మాత్రం ఆడది.

"ఎందుకట్ల సార్?" అని అడిగాను.

"ఎందుకని అడిగితే చెప్పలేను పాపా. అదట్లే. వినంగా వినంగా నీకే తెలుస్తది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. లెక్కల్లో, సైన్సులో ప్రతిదానికీ ఎందుకో తెలియాలి, తెలియకపోతే దెబ్బలు. ఇక్కడ చెవికి తెలిస్తే చాలు. ఆ రాత్రి నాయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను.

"నాయనా, హిందీలో మన చేను మగదంట."

"మరి వాన?"

"ఆడది."

"అదీ సంగతి. అందుకే మన మాట వినడంల్యా."

అమ్మ గరిటె ఎత్తి చూపించింది. నాయన నవ్వుకుంటూ తినడంలో పడ్డాడు. మా ఇంట్లో హిందీ గురించి మాట్లాడుకుని అందరం నవ్విన రోజు అదొక్కటే అనుకుంటాను.

సారు మార్కాపురంలో ఎవరి దగ్గరో తీసుకుని పాత హిందీ పత్రికలు తెచ్చి ఇచ్చేవారు. అట్టలు చినిగి, మధ్యలో కాగితాలు పోయి ఉండేవి. వాటిల్లో పిల్లలు చలికాలం పొద్దున దూది కుట్టిన రజాయి కప్పుకుని లేవమని మొండికేసేవాళ్ళు. మాకు చలికాలం అంటే పొద్దున కాసేపు ఎండలో నిలబడటమే. నేను రజాయి చూడలేదు, మంచు చూడలేదు. అయినా ఆ కథలు చదువుతుంటే నా వీపు మీద ఏదో వెచ్చగా కప్పినట్టుండేది. చివరి కాగితాలు లేని కథలకు నేనే హిందీలో ముగింపు రాసి సారుకు చూపించేదాన్ని. ఆయన ఎర్ర సిరాతో లింగాలు మాత్రం దిద్ది, కథ జోలికి రాకుండా తిరిగి ఇచ్చేవారు.

పదో తరగతి అయిపోయేటప్పుడు సారుతో చెప్పాను, నేను కూడా హిందీ టీచర్ని అవుతానని. ఆయన సంతోషపడతారనుకున్నాను. ఆయన మాత్రం పుస్తకాలు సంచిలో సర్దుకున్నారు.

"చదువుకో. చదువుకునేదానికి దీనంత మంచిది ల్యా," అన్నారు. తర్వాత, "ఉద్యోగం మాట ఇప్పుడెందుకులే" అని బస్సు టైమైందని లేచారు.

నాయన కూడా అట్లాగే అన్నాడు, ఇంకొంచెం సూటిగా. "లెక్కలు చదివితే లెక్కల సారంటారు. సైన్సు చదివితే అదొక దారి. హిందీ చదివి ఎవురికి చెప్తావు పాపా? ఈడ ఎవురికి గావాల?"

"గవర్నమెంటోళ్ళే పెట్టినారు గదా నాయనా, అన్ని స్కూళ్ళల్లో."

"పెట్టినారులే," అన్నాడు. అంతకుమించి అడ్డం రాలేదు. నా మీద నమ్మకమో, మా ఊళ్ళో ఆడపిల్ల ఏది చదివినా ఒకటేననో నాకు తెలియదు.

డిగ్రీ చదివాను. హిందీ పండిట్ ట్రైనింగ్ చేశాను. డీఎస్సీ కోసం చూస్తూ మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. అక్కడ హిందీ టీచరంటే ఖాళీగా ఉండే మనిషి. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకు నేనే. వార్షికోత్సవం వస్తే డాన్సులు నేనే నేర్పాలి. ఇదంతా ఉద్యోగం వచ్చేదాకే అనుకునేదాన్ని. పెళ్ళయింది, ఒక బిడ్డ పుట్టింది, అప్పుడు డీఎస్సీలో ఎంపికయ్యాను. నాయన ఆ రోజు మా ఊళ్ళో టీ దుకాణం దగ్గర ఉన్నవాళ్ళందరికీ టీ తాగించాడట. ఏం ఉద్యోగమని ఎవరో అడిగితే "గవర్నమెంటు టీచరు" అన్నాడట. ఏ సబ్జెక్టో చెప్పలేదట.

నన్ను గిద్దలూరు దాటి నల్లమల కొండలకు ఆనుకున్న ఒక ఊరి హైస్కూల్లో వేశారు. గిద్దలూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా ఆయన మార్కాపురంలో తన పనికి రైల్లో పోయి వచ్చేవాడు. నేను ఆటోలో స్కూలుకు పోయేదాన్ని. ఆ మొదటి ఏడాది నేను బాగా బతికాననే చెప్పాలి. ఆరో తరగతి పిల్లలకు అక్షరాలకంటే ముందు పాటలు నేర్పాను. సారు చెప్పినట్టే కిటికీ ఆడది, తలుపు మగది అన్నాను. మా క్లాసు నవ్వినట్టే వాళ్ళూ నవ్వారు. ఇంకేం కావాలి అనుకున్నాను.

దసరా సెలవులయ్యాక హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచారు. మంచి మనిషి. గట్టిగా మాట్లాడటం తెలియనివాడు.

"మేడం, మన స్కూలు రిజల్టు పోతాండేది లెక్కల్లో. మిగతా వాటిల్లో ముప్పై ఐదు రావాల. మీదాంట్లో ఇరవై వస్తే పాసు. ఆ ఇరవై ఎట్లయినా వస్తాయి. టెన్త్‌కు మీ పిరియడ్లు లెక్కల సారుకు ఇచ్చెయ్యండి."

"మరి నేను పాఠం ఎప్పుడు చెప్పాలి సార్?"

"పరీక్షలకు ముందు ఒక నెల తీసుకోండి. రాసే పద్ధతి చెప్పండి, చాలు."

రాసే పద్ధతి అంటే ఏమిటో మిగతా టీచర్లు చెప్పారు. ప్రశ్నలో ఉన్న మాటలే అటూ ఇటూ మార్చి జవాబు కింద దింపాలి. కాగితం ఖాళీగా వదలకూడదు. పిల్లలు ముందుగా స్కేలు పెట్టి పేజీ అంతా అడ్డగీతలు గీసుకునేవాళ్ళు, తర్వాత ఆ గీతలకు కింద అక్షరాలు వేలాడదీసేవాళ్ళు. అది రాయడం కాదు, ముగ్గు వేయడం. చదవమంటే ఒక్క అక్షరం పలకలేరు. ఆ ఏడాది హిందీలో మా స్కూలు వందకు వంద శాతం పాసు. హెడ్మాస్టరు మీటింగులో నా పేరు చెప్పి అభినందించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను.

ఏళ్ళు అట్లాగే గడుస్తుండగా ఏడో తరగతిలో ఒక పిల్ల చేరింది. అడవి అంచున ఉన్న చెంచు గూడెం నుంచి వచ్చేది. వాళ్ళ నాయన తేనె, బంక తెచ్చి అమ్మేవాడు, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళ పనికి పోయేవాడు. పిల్ల మాట్లాడేది తక్కువ. మొదటివారంలో, ఎవరు చదువుతారని అడిగి, ఎవరూ లేవకపోతే ఊరికే ఆ పిల్లను లేపాను. పాఠం మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివింది.

"ఎవరు నేర్పినారు నీకు?"

"ఎవురూ నేర్పలా మేడం. టేషన్ల బోర్డు చూసి."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు పైన తెలుగులో ఉంటుంది, కింద హిందీలో ఉంటుంది. పేరు ఒకటే కాబట్టి ఏ అక్షరం కింద ఏది వస్తుందో జతచేసుకుంది. అందులో లేని అక్షరాలు పక్క స్టేషన్లలో దొరికాయి. అమ్మా నాయనలతో మిరపకాయల కోతకు గుంటూరు వైపు రైల్లో పోయేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని అదే పనిగా చూసుకునేదట. మిగిలినవి మా ఆరో తరగతి పుస్తకంలో పట్టుకుంది.

ఆ పిల్లకు నా దగ్గరున్న కథల పుస్తకాలు ఒక్కొక్కటే ఇచ్చాను. నలగకుండా తెచ్చి ఇచ్చేది. ఆ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చాక ఒకరోజు పాఠం చదువుతున్నాను. అందులో ఒక పిసినారి ముసలాయన మాట ఒకటుంటుంది. నేను దానికి తెలుగు చెప్పకముందే ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. చదవడం ఆపి చూశాను. మిగతా పిల్లలు ఎందుకు నవ్వుతోందో తెలియక ఆమెను చూస్తున్నారు. హిందీ మాటకు హిందీలోనే నవ్విన పిల్ల నా ఉద్యోగంలో ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం ఆటోలో వస్తూ ఒంటరిగా నవ్వుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి "ఏంది మేడం, ఏమన్న మంచి కబురా?" అన్నాడు.

ఆమె పదో తరగతికి వచ్చింది. మామూలుగానే నా పిరియడ్లు లెక్కలకు పోయాయి. ఆ పిల్ల స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడేది.

"మేడం, ఈ పొద్దు గూడా మన పిరియడ్ లేదా?"

"లేదమ్మా. లెక్కలు బాగా విను. అది ముఖ్యం."

"వింటాండా మేడం. నాకది తలకెక్కడంల్యా."

లెక్కల సారు కష్టపడే మనిషి. ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టాడు, ఇంటికి లెక్కలిచ్చాడు, చేయకపోయినా తిట్టలేదు. నేను కూడా నాకు వచ్చినంతవరకు చెప్పాను, వచ్చింది తక్కువే. మార్చిలో పరీక్షలు రాసింది. ఫలితాలొచ్చిన రోజు లెక్కల సారు నాకు ఫోన్ చేశాడు.

"మీ పిల్లకు హిందీలో తొంభై దాటినాయి మేడం." వెంటనే అన్నాడు, "లెక్కలు పోయినాయి."

మరుసటి రోజు ఇద్దరం ఆయన బండి మీద గూడేనికి పోయాం. వాళ్ళ నాయన ఇంటి ముందు చీపుళ్ళు కడుతున్నాడు. లేచి మాకు మంచం వాల్చాడు. పిల్ల గుడిసె లోపలే ఉంది, బయటికి రాలేదు. సప్లిమెంటరీ రాయించాలని లెక్కల సారు చెప్పాడు. పిల్ల నాయన అంతా విని నా వైపు తిరిగాడు.

"నీదాంట్లో పాసయినాదంట గదా మేడం."

"అయిందన్నా. స్కూల్లో అందరికంటే ఎక్కువ వచ్చినాయి."

"ఎన్ని గావాల దానికి?"

"ఇరవై."

"మా పిల్లకెన్ని వచ్చినాయి?"

చెప్పాను. ఆయన చేతిలో పుల్లలు పట్టుకుని ఆలోచించాడు. ఎగతాళి ఏమీ లేదు ఆ ముఖంలో, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఎక్కువొచ్చినవి దాంట్లోంచి తీసి లెక్కల్లో ఎయ్యకూడదా?"

"అట్ల కుదరదన్నా," అన్నాడు లెక్కల సారు.

"ఎందుకు కుదరదు? రాసింది ఈ పిల్లే గదా."

లెక్కల సారు మంచం మీద నుంచి లేచాడు. సప్లిమెంటరీ రాయిస్తానని మాట తీసుకుని వచ్చేశాం. లెక్కల సారు సెలవుల్లో ఆ పిల్ల కోసం స్కూలు తాళం తీసి, ఎండలో వచ్చి చెప్పాడు. పరీక్ష రోజు గిద్దలూరు సెంటరుకు వాళ్ళ నాయన తోడు వచ్చాడు. బయట గోడ నీడన కూర్చున్నాడు. నేను మజ్జిగ తీసుకుపోయి ఇచ్చాను. పరీక్ష అయ్యాక పిల్ల వచ్చి "రాసినా మేడం" అంది. నా కళ్ళలోకి చూడలేదు. లెక్కలు ఈసారి కూడా పోయాయి.

తర్వాతి ఏడాది మళ్ళీ రాద్దువులే అని కబురు పంపాను. గూడెంలో లేరు, కోతలకు పోయారన్నారు. ఆ తర్వాత మేస్త్రీ వెంట హైదరాబాదు బిల్డింగు పనులకు పోయిందని తెలిసింది.

ఆమెను మళ్ళీ గిద్దలూరు స్టేషన్లో చూశాను. నేను మార్కాపురం పోవడానికి రైలు కోసం నిలబడి ఉన్నాను. కూలీల గుంపులోంచి ఒక ఆడమనిషి వచ్చి హిందీలో నమస్కారం చెప్పింది. ముఖం నల్లబడింది, చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాను. ఎట్లా ఉన్నావని హిందీలోనే అడిగాను. హిందీలోనే చెప్పింది, బాగున్నానని, పని దొరుకుతోందని, అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది ఉత్తరాదివాళ్ళేనని. నాకు ప్రాణం లేచివచ్చింది. అయితే నీ హిందీ పనికి వచ్చిందన్నమాట అన్నాను.

ఆమె తెలుగులోకి వచ్చేసింది. "మీరు చెప్పిన హిందీ వాళ్ళు మాట్లాడరు మేడం. మొదట్ల నేను మాట్లాడితే నవ్వేవాళ్ళు."

"ఏమని?"

"పుస్తకం మాదిరి మాట్లాడతానంట. ఆడ మగ తప్పులు వాళ్ళే చేస్తారు. నేను చెప్తే మేస్త్రీ ఊరకుండు అంటాడు. ఇప్పుడు నేనూ వాళ్ళ మాదిరే మాట్లాడతాలే."

ఓపెన్ స్కూల్లో లెక్కలు తీసుకోకుండా కూడా పది పాసు కావచ్చని, ఫారం నేను నింపిస్తానని చెప్పాను.

"దాని తర్వాత ఏం జెయ్యాల మేడం?"

"ఇంటర్, డిగ్రీ... నీకిష్టమైతే హిందీలోనే..."

ఏళ్ళ తరబడి ట్రైనింగ్ చేసి కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. పోస్టులు లేవు. ఉన్న పోస్టులు తగ్గిస్తున్నారు. ఒకవేళ వచ్చినా వచ్చేది నా ఉద్యోగమే. ఆమె ఓపికగా నా ముఖంలోకి చూస్తోంది. "దాని తర్వాత?" అని మళ్ళీ అడిగింది. రైలు వచ్చింది. ఆమెను గుంపులోవాళ్ళు పిలిచారు. "పోయొస్తా మేడం" అని సంచీ నెత్తిన పెట్టుకుని పోయింది. నేను వేరే పెట్టె ఎక్కాను.

ఇప్పుడు బేస్తవారిపేట వైపు ఒక స్కూల్లో ఉన్నాను. పిల్లలు తగ్గిపోయారు. టీచర్ల సర్దుబాటు జరిగిన ప్రతిసారీ ఎక్కువైనవాళ్ళలో ముందు వినిపించేది హిందీ. ఒకసారి తప్పింది, ఇంకొకసారి తప్పకపోవచ్చు. మధ్యాహ్నం పిల్లలు భోంచేసేటప్పుడు ఫొటో తీసి ఫోన్లో గవర్నమెంటు యాప్‌కు ఎక్కించే పని నాది. మరుగుదొడ్ల ఫొటో కూడా నాదే. సబ్జెక్టు వాళ్ళకు తీరిక ఉండదు అన్నారు. నన్ను నొప్పించాలని కాదు, మామూలుగానే అన్నారు.

పోయిన వేసవిలో అటక మీద నుంచి ఒక హిందీ నవల దించాను. కాలేజీ రోజుల్లో రెండుసార్లు చదివి ఏడ్చిన పుస్తకం. మధ్యాహ్నం ఫ్యాను కింద చాప పరుచుకుని మొదలుపెట్టాను. పది పేజీలు చదివాక చూసుకుంటే చేతిలో పెన్సిల్ ఉంది, కష్టమైన మాటల కింద గీతలు గీస్తున్నాను. ఏది రెండు మార్కులకు వస్తుంది, ఏది నాలుగు మార్కులకు వస్తుందని నా మనసు దాని పని అది చేసుకుపోతోంది. పెన్సిల్ పక్కన పెట్టి మళ్ళీ చదివాను. మాటలన్నీ అర్థమవుతున్నాయి. అంతకుమించి ఏమీ కాలేదు. మా ఆయన టీ తెచ్చి "ఎట్లుందా పుస్తకం?" అని అడిగితే, బాగుంది అన్నాను. మరుసటి రోజు దాన్ని స్కూలు లైబ్రరీకి ఇచ్చేశాను. ఇంతవరకు ఎవరూ తీసుకోలేదు.

ఇప్పటి హెడ్మాస్టరు నాకంటే చిన్నది. ఈ ఏడు దసరా సెలవులయ్యాక స్టాఫ్ రూముకు తానే వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడం, పెద్దోళ్ళు మీరు. అడగాలంటే మొహమాటంగా ఉంది. టెన్త్‌ పిరియడ్లు..."

"తీసుకోమ్మా," అన్నాను.

"బాధపడొద్దు మేడం."

"లేదులేమ్మా."

అబద్ధం చెప్పలేదు. ఆ పిరియడ్‌లో ఇప్పుడు స్టాఫ్ రూములోనే కూర్చుంటున్నాను. పక్క గదిలో లెక్కల టీచరు చెప్పేది తడక మీదుగా స్పష్టంగా వినబడుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఏ స్కూలుకు పోయినా పక్క గదిలోంచి అదే పాఠం వింటూ వచ్చాను. మొన్న ఆయన బోర్డు మీద ఒక త్రికోణమితి లెక్క వేసి, జవాబెంత అని అడిగాడు. పిల్లలెవరూ పలకలేదు. నేను ఫొటోల ఫోను చేతిలో పట్టుకుని లోలోపల జవాబు చెప్పాను. కాసేపయ్యాక ఆయన కూడా అదే చెప్పాడు. బెల్లు కొట్టారు. పిల్లలు కంచాలు తీసుకుని బయటికి పరిగెత్తారు. నేను ఫొటో తీయడానికి లేచాను.